కరెంటు మీటరు ఎర్ర లైటు చెప్పే లెక్క: పల్స్ సిగ్నళ్లను చదవడం, కొలవడం ఎలా?

ముందు ఒకసారి మీ ఇంటి కరెంటు మీటరు దగ్గరికి వెళ్లి నిలబడండి. దాని మీద చిన్న ఎర్ర లైటు ఆగి ఆగి మెరుస్తుంటుంది. పక్కనే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. మన దగ్గర చాలా సింగిల్ ఫేజ్ మీటర్ల మీద అది 3200. ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు.

ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, ఒక మెరుపుకూ తర్వాతి మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 1125ను ఆ సెకన్లతో భాగించండి. వచ్చిన సంఖ్యే మీ ఇల్లు ఆ సమయంలో లాగుతున్న వాట్లు. పది సెకన్లకోసారి మెరిస్తే దాదాపు 112 వాట్లు. ఎవరైనా 2000 వాట్ల గీజర్ వేశారనుకోండి, అర సెకను దాటీ దాటకముందే మళ్లీ మెరుస్తుంది.

1125 ఎక్కడి నుంచి వచ్చింది? ఒక యూనిట్ అంటే 1000 వాట్లు గంటసేపు, అంటే 36 లక్షల జౌళ్ల శక్తి. దాన్ని 3200 మెరుపులకు పంచితే ఒక్కోదాని వాటా 1125 జౌళ్లు. మీ మీటరు మీద 1600 అని ఉంటే 2250 పెట్టుకోండి.

ఒక్క వైరు కూడా కలపకుండా మీరు పల్స్ సిగ్నల్‌ను చదివేశారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గీజర్ వేసినా లైటు కాంతి పెరగలేదు, మెరుపుల మధ్య ఎడం తగ్గిందంతే. మీటరు చెప్పదలచుకున్నదంతా ఆ ఎడంలోనే ఉంది. పల్స్‌లు కొత్తగా నేర్చుకునేవాళ్లు మల్టీమీటర్ తీసి వోల్టులు చూస్తూ కూర్చుంటారు. చూడాల్సింది గడియారాన్ని. మిగతా వ్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఆఖరికి ఆ ఎర్ర లైటును ఆర్డ్యునోతో, అంటే మనం ప్రోగ్రాం రాసి నడిపించుకునే ఒక చిన్న బోర్డుతో లెక్కపెట్టిద్దాం.

ముందు కాగితం మీద

గళ్ల కాగితం తీసుకోండి. అడ్డంగా కాలం, నిలువుగా వోల్టేజి. కింద సున్నా దగ్గర ఒక గీత గీస్తూ వెళ్లి, ఒకచోట నిలువుగా 5 వోల్టులకు లేపి, కాసేపు అక్కడే నడిపి, మళ్లీ సున్నాకు దించండి. అదే ఒక పల్స్. పైన ఉన్నప్పుడు ‘హై’, కింద ఉన్నప్పుడు ‘లో’ అంటాం.

పైన ఉన్నంతసేపు పల్స్ వెడల్పు. ఒక పల్స్ లేచిన చోటి నుంచి తర్వాతది లేచే చోటి వరకు పీరియడ్. సెకనుకు ఎన్ని పీరియడ్లు పడితే అంత ఫ్రీక్వెన్సీ, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం. పీరియడ్‌లో ఎంత శాతం హైలో ఉందో అది డ్యూటీ సైకిల్. 20 మిల్లీసెకన్ల పీరియడ్‌లో 5 మిల్లీసెకన్లు హై ఉంటే డ్యూటీ సైకిల్ 25 శాతం, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. ఈ లెక్క నోటికి వచ్చేదాకా రెండు మూడు బొమ్మలు గీయండి.

మనం నిలువుగా గీసిన గీత మాత్రం అబద్ధం. నిజమైన సర్క్యూట్‌లో ఏ వోల్టేజీ క్షణంలో ఎగరదు, ఏటవాలుగా ఎక్కుతుంది. మొత్తం ఎత్తులో 10 శాతం నుంచి 90 శాతానికి చేరడానికి పట్టే సమయాన్ని రైజ్ టైమ్ అంటారు. దిగేటప్పుడు పట్టేది ఫాల్ టైమ్. అంచు ఏటవాలుగా ఉంటే వెడల్పును ఎక్కడి నుంచి కొలవాలనే తగాదా వస్తుంది కాబట్టి, సగం ఎత్తు దగ్గర కొలవాలని అందరూ ఒప్పుకున్నారు.

కబురు ఎక్కడ దాగుంది?

కొత్త పరికరం ఏది చేతికొచ్చినా నేను ముందు అడిగే ప్రశ్న ఇదే. ఇది పల్స్‌ల సంఖ్యతో మాట్లాడుతుందా, వెడల్పుతోనా, ఎడంతోనా, వరుసతోనా?

కరెంటు మీటరు ఇప్పటి వాట్లను ఎడంతో చెప్పినా, కాలిన యూనిట్ల విషయంలో సంఖ్యతో మాట్లాడుతుంది. పైపులో నీళ్లు కొలిచే ఫ్లో సెన్సర్ కూడా అంతే. బజారులో చవగ్గా దొరికే వైఎఫ్-ఎస్201 రకం లీటరుకు దాదాపు 450 పల్స్‌లు ఇస్తుంది.

చెప్పిన కోణానికి తిరిగి ఆగే సర్వో మోటారుది వెడల్పు భాష. 20 మిల్లీసెకన్లకోసారి పల్స్ పంపాలి. అది 1 మిల్లీసెకను ఉంటే ఒక చివరకు, 2 ఉంటే రెండో చివరకు, ఒకటిన్నర ఉంటే మధ్యకు తిరుగుతుంది. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ హెచ్‌సీ-ఎస్‌ఆర్04దీ అదే దారి. 10 మైక్రోసెకన్ల పల్స్ ఇచ్చి తట్టి లేపితే, దూరానికి తగ్గ వెడల్పుతో తిరిగి ఒక పల్స్ ఇస్తుంది. సెంటీమీటరుకు 58 మైక్రోసెకన్ల చొప్పున భాగిస్తే దూరం వచ్చేస్తుంది.

టీవీ రిమోట్ కథ కాస్త పొడుగు. ఎన్‌ఈసీ అనే పద్ధతి వాడే రిమోట్ మీట నొక్కగానే ముందు 9 మిల్లీసెకన్లు ఇన్‌ఫ్రారెడ్ వెలుగు విసురుతుంది. తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్లు మౌనం. ‘వినండహో’ అని దండోరా వేసినట్టన్నమాట. ఆ తర్వాత 32 బిట్లు. ప్రతి బిట్‌లోనూ వెలుగు వెడల్పు ఒకటే, సుమారు 560 మైక్రోసెకన్లు. దాని వెనక మౌనం కూడా అంతే ఉంటే సున్నా, మూడింతలు ఉంటే ఒకటి. మాట అంతా మౌనంలోనే ఉంది! పైగా ఆ వెలుగు కూడా నిలకడగా ఉండదు, సెకనుకు 38 వేల సార్లు ఆరి వెలుగుతుంటుంది. గదిలోని మిగతా వెలుగుల నుంచి తనను రిసీవర్ గుర్తుపట్టడానికి ఆ ఏర్పాటు. రిమోట్ ముందు ఫోన్ కెమెరా పెట్టి మీట నొక్కి చూడండి. చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపు కనిపిస్తుంది.

సొంతంగా ఒక పల్స్ పుట్టిద్దాం

కొలవడం నేర్చుకోవాలంటే మనకు ముందే తెలిసిన పల్స్ ఒకటి చేతిలో ఉండాలి. అందుకు 555 టైమర్ ఐసీ అనే చిన్న చిప్‌ను మించింది లేదు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో దీన్ని రూపొందించాడు, సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో బజారులోకి తెచ్చింది. యాభై ఏళ్లు దాటినా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఇప్పటికీ చిల్లర డబ్బులకు చేతిలో పెడతారు.

కావలసినవి: ఒక ఎన్‌ఈ555, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా భాగాలు గుచ్చి కలిపే పలక), 10 కిలో ఓమ్ రెసిస్టర్, 68 కిలో ఓమ్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ‘104’ అని రాసున్న సెరామిక్ కెపాసిటర్లు రెండు, ‘103’ ఒకటి, ఎల్‌ఈడీ, దానికి 470 ఓమ్ రెసిస్టర్, 5 వోల్టుల సప్లయ్. పాత ఫోన్ చార్జర్ సరిపోతుంది.

ఐసీ మీద గంటు ఎడమవైపు ఉండేలా పెడితే, కింది వరుసలో ఎడమ నుంచి కుడికి 1, 2, 3, 4. పై వరుసలో కుడి నుంచి ఎడమకు 5, 6, 7, 8. ఒకటో కాలు గ్రౌండ్‌కు, ఎనిమిదో కాలు, నాలుగో కాలు 5 వోల్టులకు. 10కె రెసిస్టర్ 8కీ 7కీ మధ్య, 68కె రెసిస్టర్ 7కీ 6కీ మధ్య. 6ను, 2ను ఒక వైరుతో కలిపేయండి. 2 నుంచి గ్రౌండ్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని మైనస్ కాలు గ్రౌండ్ వైపు. 5 నుంచి గ్రౌండ్‌కు 103. మూడో కాలు మన అవుట్‌పుట్. అక్కడి నుంచి 470 ఓమ్ మీదుగా ఎల్‌ఈడీ, ఎల్‌ఈడీ రెండో కాలు గ్రౌండ్‌కు. ఇక 104 ఒకటి ఐసీ పక్కనే 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టండి. చాలామంది వదిలేసేది ఈ చివరిదాన్నే. ఎన్‌ఈ555 అవుట్‌పుట్ మారే ప్రతిసారీ సప్లయ్ నుంచి ఒక్క గుటక కరెంటు లాగుతుంది. పక్కన ఈ చిన్న కుండ లేకపోతే ఆ కుదుపు మిగతా సర్క్యూట్ మొత్తానికి తగులుతుంది.

లోపల జరిగేది ఇది. కెపాసిటర్ రెండు రెసిస్టర్ల మీదుగా నిండుతూ సప్లయ్‌లో మూడింట రెండో వంతుకు చేరగానే 555 అవుట్‌పుట్‌ను దించి, 68కె మీదుగా కెపాసిటర్‌ను ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. మూడింట ఒకటో వంతుకు దిగగానే మళ్లీ నింపుతుంది. హై సమయం 0.693 × (10కె + 68కె) × 10 మైక్రోఫారడ్, అంటే 0.54 సెకన్లు. లో సమయానికి 68కె ఒక్కటే లెక్క కాబట్టి 0.47 సెకన్లు. వెరసి సెకనుకో మెరుపు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల మీద రాసిన విలువ 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. స్టాప్‌వాచ్ కాస్త తేడా చూపిస్తే కంగారు పడొద్దు.

ఇప్పుడు 10 మైక్రోఫారడ్ తీసేసి రెండో 104 పెట్టండి. అది 0.1 మైక్రోఫారడ్, ముందుదాంట్లో నూరో వంతు. ఫ్రీక్వెన్సీ దాదాపు 100 హెర్ట్జ్‌కు పోతుంది. ఎల్‌ఈడీ ఆరకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. కంటి పని అయిపోయింది, ఇక మీటరు పట్టాలి.

మల్టీమీటర్‌తో ఎంత తెలుస్తుంది?

డీసీ వోల్టుల్లో పెట్టి మూడో కాలు మీద చూడండి. 5 కనబడదు, సున్నా కూడా కనబడదు, రెండు వోల్టుల చుట్టుపక్కల ఏదో వస్తుంది. పల్స్‌ల వేగాన్ని అందుకోలేక మీటరు సగటు చూపిస్తోంది. సగటు అంటే ఎత్తును డ్యూటీ సైకిల్‌తో గుణించినది. ఎన్‌ఈ555 అవుట్‌పుట్ పూర్తి 5కు ఎక్కదు, మూడున్నర దగ్గర్లో ఆగుతుంది. దాంట్లో 53 శాతం సుమారు 1.9 వోల్టులు.

దీన్ని తిరగేసి వాడుకోవచ్చు. ఎత్తు తెలిస్తే సగటును బట్టి డ్యూటీ సైకిల్ చెప్పేయొచ్చు. 5 వోల్టుల ఆర్డ్యునో పిన్ మీద 1.25 చూపిస్తే 25 శాతం. ఆసిలోస్కోప్ (వోల్టేజి ఆకారాన్ని తెరమీద గీసి చూపే పరికరం, పొట్టిగా స్కోప్) లేనివాళ్లకు ఇది బంగారం లాంటి చిట్కా. మీ మీటరులో హెర్ట్జ్ సెట్టింగ్ ఉంటే ఫ్రీక్వెన్సీ కూడా చూసుకోండి. సగటుకు ఒక ఇబ్బంది ఉంది. పిన్ మీద 2.5 వోల్టులు కనిపిస్తే అది సగం డ్యూటీ పల్స్ కావచ్చు, సర్క్యూట్ పాడై నిజంగానే రెండున్నర వోల్టుల దగ్గర ఇరుక్కుపోయి ఉండొచ్చు. మీటరుకు రెండూ ఒకటే.

ఆ తేడా తెలియాలంటే లాజిక్ ఎనలైజర్ కొనండి. ఎనిమిది చానళ్ల చవక రకంతో మొదలుపెడితే చాలు. పల్స్ ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది కంప్యూటర్ తెరమీద గీసి చూపిస్తుంది. కానీ అంచు ఎంత ఏటవాలుగా ఉందో, ఎత్తు ఎంతో చెప్పదు. దానికి ఆసిలోస్కోప్ కావాలి. స్కోప్ వాడేవాళ్లకు ఒకటే హెచ్చరిక: ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ గోడ ప్లగ్‌లోని ఎర్త్‌తో కలిసే ఉంటుంది. దాన్ని ఇంటి కరెంటుకు నేరుగా కలిసిన సర్క్యూట్‌లో తగిలించారో, ఢాం అంటుంది.

పల్స్ పాడయ్యే దారులు

నా అనుభవంలో పల్స్‌లతో పడే తిప్పలన్నీ ఇక్కడే ఉన్నాయి కాబట్టి కాస్త నిలబడదాం.

మొదటిది, గుండ్రబడటం. దారిలో రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ ఉంటే అంచు నెమ్మదిస్తుంది. 10కె రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్నాయనుకోండి. రెండిటినీ గుణిస్తే 1 మిల్లీసెకను. రైజ్ టైమ్ దానికి 2.2 రెట్లు. ఇందులోకి అర మిల్లీసెకను పల్స్ పంపితే అది 39 శాతం ఎత్తుకు, అంటే 2 వోల్టుల లోపు దాకా ఎక్కి దిగిపోతుంది. 5 వోల్టుల ఆర్డ్యునో ఊనో ఖాయంగా హై అనుకోవాలంటే 3 వోల్టులు రావాలి. పల్స్ పంపారు, అవతల ఎవరూ చూడలేదు. పొడవాటి వైర్లు కూడా కెపాసిటర్లలాగే పనిచేస్తాయి.

రెండోది, ఒకటి పదిగా మారడం. పుష్ బటన్ నొక్కినప్పుడు లోపలి లోహపు రేకు గోలీ నేలమీద పడ్డట్టు టకటకా ఎగురుతుంది. కొన్ని మిల్లీసెకన్లలో సద్దుమణుగుతుంది గానీ, ఈలోగా ఆర్డ్యునో ఐదారు పల్స్‌లు లెక్కపెట్టేస్తుంది. కావాలంటే బటన్‌ను ఆర్డ్యునోకు కలిపి పదిసార్లు నొక్కి చూడండి, లెక్క పదికి మించి పోతుంది. మందు తేలిక. ఒక పల్స్ లెక్కపెట్టాక 20 నుంచి 50 మిల్లీసెకన్ల వరకు వచ్చేదేదీ పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో చెప్పండి. దీన్నే డీబౌన్స్ అంటారు.

మూడోది, గాలిలో వేలాడే పిన్. ఏమీ కలపని ఇన్‌పుట్ హై, లో మధ్య ఊగుతూ చెయ్యి దగ్గరికి తెస్తే చాలు పల్స్‌లు చూపిస్తుంది. పిన్‌ను 5 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్ (పుల్‌అప్) పెట్టండి. నాలుగోది చెప్పడానికి సిగ్గే: రెండు బోర్డుల గ్రౌండ్‌లు కలపడం మరిచిపోవడం. ఇప్పటికీ నాకు నెలకోసారి జరుగుతుంది.

ఐదోది, మెల్లగా ఎక్కే అంచు మీద నాయిస్. వోల్టేజి హై, లోల సరిహద్దు దగ్గర తచ్చాడుతుంటే ప్రతి చిన్న కుదుపుకూ హై, లో, హై, లో అని లెక్క పెరిగిపోతుంది. దీనికి ష్మిట్ ట్రిగ్గర్ ఉంది. 74హెచ్‌సీ14 ఐసీలో అలాంటివి ఆరు ఉంటాయి. 5 వోల్టుల దగ్గర ఇది దాదాపు రెండున్నర దాటితే గానీ హై అని ఒప్పుకోదు. ఒకసారి ఒప్పుకున్నాక ఒకటిన్నర దరిదాపులకు దిగితే గానీ మాట మార్చదు. మధ్యలో ఎన్ని కుదుపులొచ్చినా చలించదు. ఒట్టో ష్మిట్ 1934లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, స్క్విడ్ అనే సముద్ర జీవి నరాల్లో సంకేతాలు ఎలా ప్రయాణిస్తాయో పరిశోధిస్తూ దీన్ని కనిపెట్టాడు. మన వైద్యులు నాడి చూస్తారు కదా, ఎలక్ట్రానిక్స్ కూడా నాడి దగ్గరే పాఠం నేర్చుకుందన్నమాట.

ఇప్పుడు మీటరు లైటును లెక్కపెట్టిద్దాం

ముందుగా ఒక కచ్చితమైన మాట. మీటరు మూత తీయకూడదు, సీలు ముట్టుకోకూడదు. మీటరును ట్యాంపర్ చేయడం విద్యుత్ చట్టం 2003 కింద నేరం. మనకు లోపలికి వెళ్లే అవసరమే లేదు, లైటును బయటి నుంచి చూస్తే చాలు.

చూడటానికి ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి మారే రెసిస్టర్) వాడొద్దు. వెలుగు పోయాక కోలుకోవడానికి దానికి చాలా మిల్లీసెకన్లు పడుతుంది, మొదటి జబ్బు అక్కడే అంటుకుంటుంది. ఫోటో ట్రాన్సిస్టర్ తీసుకోండి. దాని ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ 100కె మీదుగా 5 వోల్టులకు. కలెక్టర్ నుంచి 74హెచ్‌సీ14లోని ఒక ఇన్‌పుట్‌కు. చీకట్లో కలెక్టర్ 5 దగ్గర ఉంటుంది, లైటు మెరవగానే కిందికి దిగుతుంది. 74హెచ్‌సీ14 దాన్ని తలకిందులు చేసి ఇస్తుంది కాబట్టి మెరుపుకో హై పల్స్ వస్తుంది. దాన్ని ఊనో రెండో పిన్‌కు కలపండి. ఐసీలో వాడని ఐదు ఇన్‌పుట్లనూ గ్రౌండ్‌కు కట్టేయండి.

రెండో పిన్‌నే ఎందుకంటే, ఊనోలో 2, 3 పిన్‌లకు బయటి ఇంటరప్ట్ సదుపాయం ఉంది. ప్రోగ్రాం ఏ పనిలో ఉన్నా పల్స్ లేవగానే దాన్ని ఆపి మనం చెప్పిన చిన్న ఫంక్షన్‌ను నడుపుతుంది. ఆ ఫంక్షన్‌లో మూడే పనులు చేయండి: ఇప్పటి సమయం చూడటం, పాత మెరుపు నుంచి ఎడం లెక్కగట్టి దాచడం, సంఖ్యకు ఒకటి కలపడం. తెరమీద రాయించడం లాంటివి అక్కడ పెట్టకండి, అవి మెయిన్ లూప్ పని. రెండు చోట్లా వాడే వేరియబుల్స్‌ను వొలటైల్‌గా ప్రకటించండి. వాటిని చదివే క్షణంలో ఇంటరప్ట్‌లను ఆపి మళ్లీ తెరవండి. లేకపోతే సగం పాత, సగం కొత్త అంకె చేతికొస్తుంది.

సెన్సర్‌ను నల్ల గొట్టంలో పెట్టి మీటరు గాజు మీద నల్ల టేపుతో అతికించండి. ఈ నల్ల టేపు దగ్గర బద్ధకించి నేను నవ్వులపాలయ్యాను. పగలంతా బాగానే నడిచింది. సాయంత్రం వరండాలో ట్యూబులైటు వేయగానే తెరమీద 1,12,500 వాట్లు! ఇంట్లో రైసుమిల్లు ఏమైనా పెట్టావా అని అందరూ ఒకటే నవ్వు. అంకె చూస్తేనే కారణం తెలిసింది. 1125ను ఆ అంకెతో భాగిస్తే 0.01 సెకను, అంటే సెకనుకు 100 పల్స్‌లు. 50 హెర్ట్జ్ కరెంటు మీద ట్యూబులైటు ఒక్కో చక్రంలో రెండుసార్లు మినుకుతుంది. సెన్సర్ మీటరును వదిలేసి ట్యూబులైటును లెక్కపెడుతోంది.

టేపు బాగా చుట్టడంతో పాటు ప్రోగ్రాంలో కాపలా కూడా పెట్టాను. 50 మిల్లీసెకన్లలోపు వచ్చే రెండో పల్స్‌ను వదిలెయ్యమన్నాను. ఇందులో నిజమైనది పోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. 50 మిల్లీసెకన్ల ఎడం అంటే 22,500 వాట్లు, మామూలు సింగిల్ ఫేజ్ ఇల్లు అంత లాగదు.

అటువైపు పంపడం

పల్స్‌లు వినడమే కాదు, మనమూ మాట్లాడొచ్చు. ఆర్డ్యునోలో అనలాగ్‌రైట్ అని రాసి, 255కు గాను 64 ఇస్తే 25 శాతం డ్యూటీతో పల్స్‌లు వెళతాయి. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. ఊనోలో చాలా పిన్‌ల మీద ఇది దాదాపు 490 హెర్ట్జ్, 5, 6 పిన్‌ల మీద 980. ఎల్‌ఈడీ మీద 50 శాతం ఇచ్చి వెలుగు సగమైందా అని చూడకండి, కన్ను అలా లెక్కేయదు. చిన్న డీసీ మోటారు నడపాలంటే మధ్యలో ట్రాన్సిస్టర్ లేదా మాస్‌ఫెట్, మోటారు కాళ్ల మధ్య తిరగేసి ఒక 1ఎన్4007 డయోడ్ తప్పనిసరి. పల్స్ ఆగిన ప్రతిసారీ మోటారు చుట్ట వెనక్కి తన్నే వోల్టేజీని ఆ డయోడే మింగుతుంది. ఈ పద్ధతిని ఇంట్లో మామూలు సీలింగ్ ఫ్యాన్ మీద ప్రయత్నించకండి, అది ఏసీ, దాని లెక్క వేరు.

ఆఖరి పరీక్ష

మీ లెక్క నిజమో కాదో తేల్చేది మీటరే. ఒకరోజు ఉదయం రీడింగ్ రాసుకుని పల్స్‌ల సంఖ్యను సున్నా చేయండి. మర్నాడు అదే వేళకు చూడండి. సంఖ్యను 3200తో భాగిస్తే వచ్చేది, మీటరులో పెరిగిన యూనిట్లు దాదాపు ఒకటే కావాలి. తక్కువొస్తే సెన్సర్ పక్కకు జరిగింది. ఎక్కువొస్తే ఎక్కడి నుంచో వెలుగు దూరుతోంది.

రెండూ కలిశాక రాత్రి అందరూ పడుకునే ముందు ఫ్రిజ్ సహా అన్నీ ఆపి ఒక ఐదు నిమిషాలు తెర చూడండి. మా ఇంట్లో అప్పుడు కూడా 45 సెకన్లకోసారి మెరుపు వచ్చింది, అంటే 25 వాట్లు. ఒక్కో ప్లగ్ పీకుతూ పోతే సగానికి పైగా సెట్‌టాప్ బాక్స్‌దని తేలింది.